పైవాళ్ల వాకిలి

దయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయే మనిషిని నేను. భయంతో కాదు, విసుగుతో. నాచారంలో ఒక పంపుల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు క్వాలిటీ సెక్షన్‌లో పనిచేశాను. కొలత చూసే గేజీలో దూరితే పాస్, దూరకపోతే రిజెక్ట్. మధ్యలో "ఏమో, అయ్యుండొచ్చు" అనే డబ్బా మా సెక్షన్‌లో ఉండేది కాదు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి నన్ను ఆ బాపతు మనిషి అనుకోకూడదని.

మా ఇల్లు మెట్ల క్వార్టర్స్‌లో ఉంది. పాత ఆటోవాళ్లకు ఆ పేరు చెబితే చాలు, తిన్నగా గేటు దగ్గర దింపుతారు. మా నాన్న పనిచేసిన ఫ్యాక్టరీ వాళ్లు కార్మికుల కోసం కట్టించారు. కట్టిన ఆర్కిటెక్టు అప్పుడే పైచదువులు ముగించుకుని వచ్చిన కుర్రవాడట, కొత్తగా ఏదో ఒకటి చేసి చూపించాలన్న ఉబలాటంలో ఉన్నాడట. గుట్టను చదును చేయకుండా వాలు మీదే పద్దెనిమిది ఇళ్లను మెట్లు మెట్లుగా పేర్చాడు. గోడలు, కప్పులు కాంక్రీటు పలకలుగా నేలమీదే పోతపోసి, ఆరాక క్రేన్‌తో ఎత్తి బిగించారు. పైన ప్లాస్టరింగ్ లేదు, సున్నం లేదు. ఉత్త సిమెంటు.

నా పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ఇల్లింకా పూర్తి కాలేదా అని అడిగారు. పూర్తయి పన్నెండేళ్లయిందని చెప్పడానికి నాన్నకు మొహం చెల్లలేదు. రంగులు వేయాల్సి ఉందండీ అని అబద్ధమాడాడు. ఆ రంగులు ఇప్పటికీ వేయలేదు.

అందులో ఉన్న వింత ఏమిటంటే, ఒకరి కప్పే ఇంకొకరి వాకిలి. మా మధ్య గది మీద పైవాళ్ల వాకిలి. మా వాకిలి కింద కిందివాళ్ల మధ్య గది. కార్మికుడైనా సరే, ప్రతివాడికీ ఆకాశం కనబడే వాకిలి ఉండాలన్నది ఆ కుర్రవాడి పట్టుదల. ఆ వాకిళ్లలో మేం వడియాలు పెట్టాం, ఎండాకాలం చాపలు వేసుకుని పడుకున్నాం, తొక్కుడుబిళ్ల ఆడి కిందివాళ్లతో తిట్లు తిన్నాం. ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు ఎవరి ఇల్లు వాళ్లకే ఇచ్చేశారు. పెళ్లయ్యాక నేను కొన్నేళ్లు మౌలాలీలో ఉన్నాను గానీ, నాన్న పోయాక అమ్మకు తోడుగా వచ్చి ఇక్కడే ఉండిపోయాను. అమ్మ పోయి ఇప్పటికి మూడేళ్లు.

మా పై ఇంట్లో సుబ్బలక్ష్మి అత్తయ్య వాళ్లు ఉండేవారు. వాళ్లది రేపల్లె దగ్గర, మాది జనగామ దగ్గర. అమ్మ ఆమెను వదినా అనేది, కాబట్టి మాకు అత్తయ్య. ఆమె మాట అమ్మకు సగం అర్థమయ్యేది కాదు, అమ్మ మాట ఆమెకు సగం అర్థమయ్యేది కాదు. అయినా రోజూ తన వాకిలి జాలీ గోడ దగ్గర ఆమె, కింద మా వాకిట్లో అమ్మ నిలబడి గంటలు గంటలు మాట్లాడుకునేవారు. ఏం మాట్లాడుకునేవారో ఆ దేవుడికే తెలియాలి.

వాళ్ల స్నేహం మాత్రం గొడవతోనే మొదలైంది. అత్తయ్య తన వాకిట్లో రోలు పెట్టుకుని ఎండుమిరపకాయలు దంచేది. కింద మా మధ్య గది దద్దరిల్లేది. పలకల సందుల్లోంచి సిమెంటు పొడి రాలి ఒకసారి నాన్న కంచంలో పడింది. ఆయన గొంతు సంగతి క్వార్టర్స్ అంతటికీ తెలుసు. ఆ మర్నాడే అత్తయ్య ఓ గిన్నెడు కందిపొడి పట్టుకుని దిగివచ్చింది. దంచేముందు రోకలితో నేలమీద రెండుసార్లు మెల్లగా కొడతానని, కిందివాళ్లు పక్కకు తప్పుకుని ఒక కేక వేస్తే అప్పుడు మొదలుపెడతానని మాటిచ్చింది.

ఆ రెండు టక్కులు తర్వాత పద్దెనిమిది ఇళ్లకూ అలవాటయ్యాయి. కొత్తగా ఎవరు వచ్చినా కరెంటు మీటరు చూపించినట్టే ఈ సంగతీ చెప్పేవాళ్లం. టక్, టక్ అని వినబడగానే అన్నం కంచాలు పట్టుకుని లేచి ముందు వాకిట్లోకి నడిచేవాళ్లం. నిద్రలో ఉన్న పిల్లలు కూడా చాప ఈడ్చుకుంటూ వచ్చేవారు. అమ్మ తల పైకెత్తి "కానీయి వదినా, లేసినం" అని అరిచేది. ఆ కేక వేయడం ఇంటి పెద్దావిడ పని. మేం ఎప్పుడూ వేయలేదు.

అత్తయ్య పోయి ఏడేళ్లయింది. ఆమె కూతురు పద్మ నాతో చదువుకుంది, ఇప్పుడు నారపల్లిలో ఇల్లు కట్టుకుంది. రోలు, రోకలి డీసీఎం వ్యాన్‌లో వేసుకుని తీసుకెళ్లి, పై ఇంటికి తాళం వేసింది. అప్పటినుంచి నిరుటిదాకా ఆ ఇల్లు అలాగే ఉంది.

ఇక ఆ రోజు సంగతి. నిరుడు ఎండలు ముదిరే ముందు ఒక బిల్డర్ వచ్చి క్వార్టర్స్ కూలగొట్టి టవర్ కడతానన్నాడు. అసోసియేషన్ పెద్ద యాదగిరి అన్న అన్నిటికంటే పై వరుసలో ఉంటాడు, ఆయనకు లిఫ్టు కావాలి. ఆయన్ను తప్పుపట్టలేను. "నీకు ఇల్లు ముద్దుగనే ఉంటది విజయా, నా మోకాళ్లను జర అడుగు" అన్నాడు నాతో. ఆదివారం మీటింగ్, చేతులెత్తించి తేల్చేస్తామన్నారు. నేను వద్దన్నవాళ్లలో ఉన్నాను. కారణం అడిగితే గట్టిగా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నేను పెరిగిన ఇల్లు, అంతే.

గట్టిగా చెప్పడానికి దొరికిన మనిషి నికిత. సైనిక్‌పురి నుంచి స్కూటీ మీద వచ్చేది, ఆర్కిటెక్టు. ఇలాంటి కట్టడాలు ఊళ్లో వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయని, కాపాడమని అర్జీ పెడదామని అంది. మా ఉత్త సిమెంటు గోడను ఆ పిల్ల అరచేత్తో నిమురుతుంటే నాకు నవ్వొచ్చింది, నాన్న ఉంటే బాగుండునని ఏడుపూ వచ్చింది. కొలతలు తీసుకునేది, పాతవాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేసుకునేది.

బుధవారం, పొద్దున పదకొండు దాటింది. నికిత మా మధ్య గదిలో కుర్చీలో కూర్చుంది, ఒళ్లో కాగితాలు, స్టూలు మీద ఫోన్. నేను ఎదురుగా కింద కూర్చుని క్రేన్‌తో పలకలు ఎత్తిన రోజుల గురించి నాన్న చెప్పిన ముచ్చట చెబుతున్నాను. అత్తయ్య ప్రస్తావన ఆ రోజు రాలేదు. ఇది నేను తర్వాత రికార్డింగ్‌లో సరిచూసుకున్నాను.

పైన టక్, టక్ అని రెండుసార్లు వినబడింది. మెల్లగా, ఒకదాని తర్వాత ఒకటి.

నేను లేచాను. ఆలోచించి లేవలేదు. పాలు పొంగితే లేచినట్టు లేచాను. నికిత చెయ్యి పట్టుకుని ముందు వాకిట్లోకి లాక్కొచ్చాను. ఒళ్లో కాగితాలు జారిపోయాయి. ఏమైంది ఆంటీ అని నవ్వుతూ అడిగింది. "పైన దంచుతున్నరు బిడ్డా, జర ఇటు నిలబడు" అన్నాను. ఆ మాట నా నోట్లో ఉండగానే పైన ఎవరూ లేరన్న సంగతి గుర్తొచ్చి, సిగ్గేసింది.

సిగ్గుపడటం పూర్తి కాకముందే లోపల పెద్ద చప్పుడైంది. కప్పు నుంచి చేటంత పెచ్చు ఊడి కుర్చీ మీద పడింది. కుర్చీ వీపు విరిగి వేరుగా పడి ఉంది. సరిగ్గా నికిత తల ఉన్నచోట. ఆ పిల్ల గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

పద్మకు ఫోన్ చేస్తే గంటలో తాళంచెవులతో వచ్చింది. పై వాకిట్లోకి వాళ్ల ఇంట్లోంచి తప్ప దారి లేదు. లోపల దుమ్ము మందంగా పేరుకుని ఉంది, ఒక్క అడుగు జాడ లేదు. వాకిట్లో ఎండుటాకులు పడి నీళ్లు పోయే తూము మూసుకుపోయింది. ఆరు వానాకాలాల నీళ్లు అక్కడే నిలిచి కిందికి ఇంకాయి. రోలు ఉన్నచోట గుండ్రటి మరక తప్ప ఏమీ లేదు.

మర్నాడు నికిత తీసుకొచ్చిన ఇంజినీరు అంతా చూశాడు. లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బితే కాంక్రీటు పగులుతుందని, ఊడిపడే ముందు అలా చప్పుళ్లు చేస్తుందని చెప్పాడు. నేను సరేనన్నాను. నిజంగానే సరేనన్నాను. గేజీలో దూరింది, పాస్. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

శుక్రవారం నికిత ఆ రికార్డింగ్ పంపింది. కింద ఒక ప్రశ్న రాసింది. ఆంటీ, మధ్యలో మీరు ఎవరితో మాట్లాడారు?

విన్నాను. నా గొంతు క్రేన్ సంగతి చెబుతోంది. ఫ్యాన్ చప్పుడు వినబడుతోంది. వీధిలో కూరగాయల బండివాడి మైకు వినబడుతోంది. నా మాట సగంలో ఆగింది. టక్కులు మాత్రం లేవు. ఎన్నిసార్లు విన్నా లేవు. కాంక్రీటు పగిలిన చప్పుడే అయితే, వీధిలో మైకు దొరికిన ఫోన్‌కు నెత్తిమీద చప్పుడు దొరకదా?

మాట ఆగిన చోట ఒక క్షణం ఫ్యాన్ చప్పుడే ఉంది. తర్వాత నా గొంతు, పైకి కేకేసినట్టు గట్టిగా, "కానీయి వదినా, లేసినం" అంది.

నేను ఆ మాట అన్నట్టు నాకు గుర్తులేదు. ఆమెను నేను ఒక్కనాడూ వదినా అని పిలవలేదు. నికితను అడిగాను. టక్కులు తనకు వినబడలేదట, నా కేక మాత్రం స్పష్టంగా వినబడిందట. నేను ఎవరో పక్కింటివాళ్లకు జవాబు చెబుతున్నాననుకుందట.

ఆదివారం మీటింగ్ రానే వచ్చింది. పెచ్చు పడ్డ సంగతి ఇంకా నలుగురికే తెలుసు. చెబితే మా వాదన అక్కడికక్కడే చచ్చినట్టే. చెప్పకపోతే బహుశా గెలుస్తాం. రెండు రాత్రులు నిద్రలేదు. ఇరవై ఆరేళ్లు పగుళ్లున్న సరుకును వెనక్కి పంపినదాన్ని, సొంత ఇల్లు కదా అని ముద్ర వేసి పంపలేకపోయాను. లేచి అంతా చెప్పాను. టక్కుల సంగతి మాత్రం చెప్పలేదు. కప్పుకు కాదు, నాకే పగులు పట్టిందనుకుంటారని.

యాదగిరి అన్న చేతులు చాపి, "సూసిండ్రా, ఇల్లు నెత్తిమీద పడుతుంటే ఇంకేం కాపాడుతరు?" అన్నాడు. చాలామంది తలలూపారు. ఇల్లు పోయినట్టేననుకున్నాను.

అప్పుడు పద్మ లేచింది. ఆమెకు టవరే లాభం, ఉండేది నారపల్లిలో. "తప్పు బిల్డింగ్‌ది కాదండీ, నాది. తాళం వేసుకుని వెళ్లిపోయి ఆరేళ్లు తొంగి చూడలేదు. ముందు మొత్తం పరీక్ష చేయించండి, ఆ తర్వాతే చేతులెత్తండి" అంది. ఆ గొంతులో అత్తయ్య పోలిక ఉంది. చేతులెత్తడం అప్పటికి వాయిదా పడింది.

ఇంజినీరు వారం రోజులు ప్రతి పలకా కొట్టి చూశాడు. నీళ్లు నిలిచిన ఆ ఒక్కటి తప్ప మిగతావన్నీ గట్టిగానే ఉన్నాయన్నాడు. రెండోసారి మీటింగ్‌లో ముగ్గురి తేడాతో మేం గెలిచాం. చివర్లో చెయ్యెత్తినవాడు యాదగిరి అన్న. మెట్లెక్కే పని లేకుండా పక్కనుంచి వాలుబాట వేయిస్తామని నికిత ఆయనకు మాటిచ్చింది లెండి.

మరమ్మతులో మా కప్పుకు కొత్త ఇనుము వేశారు. పై వాకిలిని తవ్వి, నీరు దిగకుండా మందంగా పూత పూసి, దానిమీద ఇంకో పొర పోసి, టైల్స్ పరిచారు. పని మొదలుపెట్టేముందు కాగితం మీద పై ఇంటి తరఫున పద్మ, కింది ఇంటి తరఫున నేను సంతకాలు పెట్టాలి. ఇంజినీరు కలం ఇస్తూ సంబరంగా, "ఇక మీకు పైనుంచి చీమ చిటుక్కుమన్నా వినబడదు ఆంటీ" అన్నాడు. నా చెయ్యి ఆగింది. ఆ పొర లేకుండా కుదరదా అని అడిగాను. కుదరదన్నాడు. పద్మ నా వైపు చూసింది. సంతకం పెట్టాను.

ఇప్పుడు పై ఇంట్లో దమ్మాయిగూడ నుంచి వచ్చిన కుర్ర దంపతులు అద్దెకుంటున్నారు. మూడేళ్ల పిల్లాడు వాకిట్లో పొద్దస్తమానం గెంతుతుంటాడట. గోల ఎక్కువగా ఉందా ఆంటీ అని ఆ అమ్మాయి అడుగుతుంటుంది. ఏమీ వినబడదమ్మా అంటాను. నిజంగానే వినబడదు.

ఆ బుధవారం ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. చెవి పొరపాటంటే నోరు ఎందుకు జవాబు చెప్పిందో చెప్పలేను. దయ్యాలను నేను ఇవాళ కూడా నమ్మను. కానీ ఆమె టక్కులు మమ్మల్ని కాపాడిన ఇంటిని నిలబెట్టుకోవడానికి ఆమె గొంతుకు అడ్డంగా జానెడు మందాన సిమెంటు పోయించాను. పదకొండు గంటలకు మధ్య గదిలో ఒంటరిగా కూర్చున్నప్పుడు ఒక్కటే అనిపిస్తుంది. ఆ సంతకం పెట్టేముందు అత్తయ్యను ఒక మాట అడగాల్సింది.