పసుపు నీళ్ల వంతు

వైశాఖం వచ్చిందంటే నాకు ఊపిరాడదు. వంశధార ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో అమ్మవారి పండగ ఏటా ఎండల్లోనే వస్తుంది. ఊరి ఆడవాళ్లందరికీ ఆ రోజుకి కొత్త జాకెట్టు కావాలి. ఈ ఇంటి ముందు గది అద్దెకి తీసుకుని, మిషను పెట్టుకుని పన్నెండేళ్లుగా కుడుతున్నది నేను. అందరూ టైలరమ్మ అంటారు. నా అసలు పేరు తెలిసినవాళ్లు వీధిలో ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్లూ ఆ పేరుతో పిలవరు.

మాది శృంగవరపుకోట. అంత దూరమేం కాదు, బస్సెక్కితే ఓ పూట ప్రయాణం. అయినా నేనేదో వేరే దేశం నుంచి దిగినట్టు "మీ కోటోల్లు ఇలాగే సేస్తారేటి?" అని అడుగుతుంటారు. కొలతలు ఇచ్చేటప్పుడు పెళ్లెందుకు చేసుకోలేదని కూడా అడుగుతారు. చంక కింద టేపు పెట్టి, "కదలకండి, కొలత తప్పుతుంది" అంటాను. అక్కడితో ఆ సంగతి ఆగిపోతుంది.

పండగ రోజు ఎండ కాస్త వాలాక గుడి దగ్గర్నుంచి అమ్మవారి ఘటం, పసుపు రాసిన కుండ, ఊరేగింపుగా బయలుదేరుతుంది. ముందు తప్పెటగుళ్ల వాళ్లు గుండెల మీద రేకు తప్పెటలు కట్టుకుని, వాయిస్తూ, గజ్జెలతో ఎగురుతూ నడుస్తారు. ఇప్పుడు ఆ గుంపులో అందరూ నడివయసు దాటినవాళ్లే. వయసులో ఉన్నవాళ్లు పక్కన నిలబడి ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు. ఘటం ప్రతి గుమ్మం ముందూ ఆగుతుంది. ఆ ఇంటి ఆడమనిషి బయటికొచ్చి, ఘటం మోసేవాడి కాళ్ల మీద పసుపు నీళ్లు పోస్తుంది. పక్కనే పళ్లెం పట్టుకుని నడిచే పెద్దావిడ, పోసినామె నుదుట పసుపు బొట్టు పెడుతుంది. ఇంటికి తాళం వేసి ఉన్నా వాకిలి మాత్రం పొడిగా వదలకూడదు. ఇరుగుపొరుగు ఎవరో ఒకరు వాళ్ల తరఫున పోస్తారు. అలాంటప్పుడు బొట్టు మనిషికి పెట్టరు, గుమ్మానికి పెడతారు.

మా ఇంటిగలావిడ వెనక వాటాలో ఉండేది. వాళ్లది పప్పుల వ్యాపారం. ఇన్నేళ్లూ ఆ నీళ్లు ఆవిడే పోసింది. నేను వెనక నిలబడి చెంబు అందించేదాన్ని. చెంబు అందించినవాళ్లకి బొట్టు లేదు. ఎవరూ తప్పుగా చేయలేదు, అది పద్ధతి. కానీ ఏటా ఆ పసుపు వేలు నా ముందు నుంచే వెళ్తుంటే చూసి, లోపలికొచ్చి మళ్లీ మిషను తొక్కుకునేదాన్ని.

కిందటి దీపావళికి వాళ్లు వ్యాపారం విజయనగరానికి మార్చుకుని వెళ్లిపోయారు. ఇల్లంతా నాకే అద్దెకిచ్చారు. మొదట్లో హాయిగానే అనిపించింది. తర్వాత తెలిసొచ్చింది, సాయంత్రం మిషను ఆపేస్తే ఇంట్లో ఇంకో చప్పుడు ఉండదని. అందుకని పని లేకపోయినా పాత గుడ్డముక్కలు కలిపి కుడుతూ కూర్చునేదాన్ని. నాకిది ఏం ఖర్మ అని నా మీద నాకే కోపం వచ్చేది.

పండగ దగ్గరపడేసరికి ఒక మాట గట్టిగా అనుకున్నాను. ఈసారి నీళ్లు నేను పోస్తాను. ఈ ఇంట్లో ఉన్న మనిషిని నేనొక్కదాన్నే. ఆ బొట్టు నా నుదుట పడాలి. సిగ్గు విడిచి చెబుతున్నాను, దేన్నైనా అంతగా కోరుకుని చాలా ఏళ్లయింది. ఊరందరి జాకెట్లూ ఇచ్చేశాక, నాకోసం ఆకుపచ్చది ఒకటి కుట్టుకున్నాను. తెల్లారే వాకిలి కడిగి ముగ్గేశాను. గుమ్మానికి పసుపు రాసి వేపమండలు కట్టాను. బిందె నిండా పసుపు నీళ్లు కలిపి ఉంచాను.

తప్పెటల మోత వీధి మలుపు తిరిగింది. ఘటం పక్కిళ్లు దాటుకుని మా గుమ్మం ముందు ఆగింది. నేను పోశాను. తొందరలో సగం నీళ్లు నా కాళ్ల మీదే పడ్డాయి. పెద్దావిడ పళ్లెంలో వేలు ముంచింది. ఆవిడ వేసుకున్నది నేను చేతులు కురచ చేసి ఇచ్చిన జాకెట్టే. తల వంచాను. ఆవిడ చెయ్యి నా తల పక్క నుంచి వెళ్లి గుమ్మానికి బొట్టు పెట్టింది.

"మంచి పని సేసినావు టైలరమ్మా," అంది నా భుజం తట్టి. "ఇంటోల్లు నేకపోనా వాకిలి ఎండబెట్టకండా సూసినావు. ఓపాలి ఫోన్ సేసి సెప్పు, అమ్మోరు వొచ్చి ఎల్లినాదని."

ఆవిడ మాటలో ఏ వంకరా లేదు. ప్రేమగానే అంది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని, నాకా నోరుంది. ఈ ఇంట్లో ఉంటున్నది నేనేనమ్మా అనేలోపు ఘటం పక్క గుమ్మానికి వెళ్లిపోయింది.

అన్నం తినబుద్ధి కాలేదు. దీపాలు పెట్టే వేళకి ఇంటిగలావిడకి ఫోన్ చేశాను.

"పండగెలా జరిగిందే? మన వాకిట్లో ఎవులు పోసినారు నీల్లు?" అంది ఆత్రంగా.

"నేనేనండి."

అడగాలా వద్దా అన్నట్టు మెల్లగా అడిగింది. "బొట్టు నీకెట్టినారా, గుమ్మానికెట్టినారా?"

"గుమ్మానికేనండి."

"హమ్మయ్య," అంది. "ఇక్కడ మమ్మల్నెవులూ ఎరగరే తల్లీ. పొద్దున్నుంచీ అదే బెంగ. ఐతే ఆ ఇల్లింకా మాదేనన్నమాట."

"అవునండి, మీదే," అన్నాను.

ఆవిడ ఏడుస్తోంది. నేనూ ఏడుస్తున్నానని ఆవిడకి చెప్పలేదు.