పొద్దు పొడవని రేవులో మౌనిక గొంతు

మౌనికకు యాక్సిడెంట్ అయిందన్న కబురు నాకు మొదట చెప్పింది స్రవంతి. ఇద్దరూ కెనడాలో, మార్కమ్ అనే ఊళ్ళో మా ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండే పిల్లలు. ఆ ఫోన్ వచ్చినప్పుడు నేనూ మా వారూ నార్వేలో ట్రోమ్సో అనే ఊరి రేవు దగ్గర, ఒక కాఫీ షాపులో కూర్చుని ఉన్నాం. కానీ స్రవంతి ఫోన్ చేయడానికి కాస్త ముందే, ఓడ మీద నాకు ఒకటి జరిగింది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. దేవుణ్ణి నమ్మినదానివి దయ్యాన్ని నమ్మకపోతే ఎలాగని మా వారు ఆటపట్టిస్తుంటారు. నాకు దేవుడు చాలు. చిన్నతనంలో కాలికి జబ్బు చేసి బడికి వెళ్ళలేకపోయాను. మా తాతగారే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు. చూసింది చూసినట్టు రాయి, అనుకున్నది పక్కన పెట్టు అనేవారు. ఆయన దయవల్ల ఈపాటి రాయగలుగుతున్నాను. ఇందులో నేను చూసింది, విన్నది తప్ప ఇంకేమీ లేదు.

మౌనిక, స్రవంతి చదువులకొచ్చిన ఆ రెండు మూడేళ్ళూ మా వీధిలో ఏ బేస్‌మెంట్ చూసినా మన పిల్లలే. బస్ స్టాప్‌లో నిలబడితే తెలుగే వినిపించేది. పగలు కాలేజీ, మిగతా వేళల్లో ఏ గోడౌన్‌లోనో పార్ట్‌టైమ్ పని. మౌనికది జగిత్యాల. స్రవంతిది గుంటూరు దగ్గర. వచ్చిన కొత్తలో ఒకళ్ళ మాట ఒకళ్ళకు వింతగా ఉండేది. ఆరునెలలు గడిచేసరికి ఎవరు ఏ ప్రాంతమో చెప్పడం కష్టమైపోయింది.

మా పెళ్ళయి ముప్పై ఏళ్ళయిందని, సర్రీలో ఉండే మా అమ్మాయి మాకు ఓడ ప్రయాణం ఏర్పాటు చేసింది. కోపెన్‌హాగన్‌లో ఎక్కి, ఉత్తరంగా ఒక్కొక్క రేవూ చూసుకుంటూ వెళ్ళి, ఆకాశంలో ఆకుపచ్చ వెలుగులు కనిపించే చోటికి చేరడం. మా వారికి అది ఎన్నాళ్ళ నుంచో ఉన్న కోరిక. తీరా చూస్తే అది ధనుర్మాసంలో పడింది. ఆ నెలంతా మా ఇంట్లో ఉదయం నుంచి దేవుడి దగ్గర దీపం ఉండాలి. మా అమ్మ చేసింది, నేను చేస్తున్నాను. ఎప్పుడూ ఆపలేదు. ఓడలోనేమో నిప్పు వెలిగించనివ్వరు.

నేను రానన్నాను. మా అమ్మాయి ఫోన్‌లో, "అమ్మా, ప్లీజ్! గాడ్ విల్ అండర్‌స్టాండ్" అంది. మా వారు బయట పెట్టిన సూట్‌కేసు మళ్ళీ లోపల పెట్టేశారు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

అప్పుడు వచ్చింది మౌనిక. "నేను పెడ్త ఆంటీ. గింత దానికి షిప్ క్యాన్సిల్ చేస్కుంటరా?" అంది. "జాగ్రత్త తల్లీ, చీరకుచ్చెళ్ళు, చున్నీలు..." అని నేను మొదలుపెట్టేసరికి, "నాకెర్కనే ఆంటీ. పొగ ఎక్కువైతే అలారం మోగి ఫైరింజన్ వస్తది, దేవుడు రాడు" అని నవ్వింది. స్రవంతి వెనక నుంచి, "అది వంట చేస్తేనే వారానికోసారి మోగుతుంది ఆంటీ, దీపానికి మోగకపోతే మీ పుణ్యం" అంది.

వెడల్పు పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో ప్రమిద పెట్టే పద్ధతి నేర్పాను. పొద్దున వెలిగిస్తే మధ్యాహ్నానికి కొండెక్కేంత నూనె చాలన్నాను. నువ్వులనూనె సీసా మందిరం పక్కనే పెట్టాను. పైయింటి తాళంచెవి దాని చేతికిచ్చాను. అది ఒక్కటే ఇచ్చాను. ఇంకొకటి మాతోనే ఉంది.

ఒక సంగతి చెప్పడం మరిచిపోయాను. ఆ సీసాలో నూనె నెలంతటికీ చాలదు. నిండు సీసా ఇంకొకటి ఉంది, కానీ దాన్ని నేను దాచాను. మా వారికి ఇడ్లీపొడిలో నువ్వులనూనె ధారగా పోసుకోవడం అలవాటు. దేవుడి నూనె అని చెప్పినా వినరు. అందుకని ఆ సీసాను పాత తువ్వాలులో చుట్టి, లాండ్రీ గది పై అరలో, సబ్బుపొడి డబ్బాల వెనక పెట్టాను. అది అక్కడుందని మా వారికే తెలియదు. ఓడ ఎక్కాక గుర్తొచ్చింది. సరేలే, ఏదైనా రేవు రాగానే చెబుదాం అనుకున్నాను. రేవులు వచ్చాయి, నేను మరిచిపోయాను.

ఓడ గురించి ఎంత చెప్పినా తక్కువే. అంత నెమ్మదిగా లోకం కదలడం నేనెప్పుడూ చూడలేదు. బెర్గెన్‌లో చెక్క ఇళ్ళు వానలో తడుస్తూ, ఎవరో ఇప్పుడే రంగు వేసి ఆరబెట్టినట్టు కనిపించాయి. ఆ తర్వాత కొండలు మా పక్కనే నడుస్తున్నట్టు వచ్చాయి. ఒక్కొక్క రోజుకు పగలు కొంచెం కొంచెంగా చిక్కిపోతూ వచ్చింది. చివరికి సూర్యుడు రావడమే మానేశాడు. మధ్యాహ్నం వేళ మాత్రం ఆకాశం, నీళ్ళు, మంచు అన్నీ బకెట్‌లో నీలిమందు కలిపిన రంగులోకి వచ్చేవి. అది పగలూ కాదు, రాత్రీ కాదు. మనుషులు కూడా గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు.

సూర్యోదయానికి ముందు చేయాల్సిన పూజ నాది. ఉదయించని సూర్యుడికి ముందూ వెనకా ఏముంటుంది? మా వారిని అడిగితే, "నీ అదృష్టం. ఇక్కడ రోజంతా బ్రాహ్మీముహూర్తమే" అన్నారు. ఆయనే ఫోన్‌లో దిక్సూచి చూసి, తూర్పు ఎటో చూపించేవారు. నేను డెక్ మీద ఒక మూల నిలబడి, నాలుగు కిస్మిస్ పళ్ళు చేతిలో పెట్టుకుని, మనసులోనే దీపం పెట్టుకునేదాన్ని. ఇంటి దగ్గర మౌనిక పెట్టిన దీపాన్నే తలుచుకునేదాన్ని. ఆ పిల్లకు దణ్ణం పెట్టుకునేదాన్ని.

ట్రోమ్సో చేరుతున్న రోజు సంగతి ఇది. ఆ నీలిరంగు వెలుతురు వచ్చిన వేళ. మా వారు లోపల కాఫీ తెచ్చుకోవడానికి వెళ్ళారు. డెక్ మీద నేనొక్కదాన్నే. గాలి లేదు. నీళ్ళ మీద చిన్న అల కూడా లేదు. నాకు నిద్ర రావడం లేదు, ఒంట్లో బాగానే ఉంది, తెలివిగానే ఉన్నాను. ఇది మళ్ళీ మళ్ళీ ఆలోచించుకునే రాస్తున్నాను.

నా వెనక, కుడివైపు, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా మౌనిక గొంతు వినిపించింది.

"ఆంటీ, నూనె ఒడిసిపోయింది. ఇంకో సీసా ఏడున్నది?"

నేను వంటింట్లో ఉండగా తను మెట్ల మీద నుంచి అడిగినట్టే అడిగింది. నేను కూడా వంటింట్లో ఉన్నట్టే, వెనక్కి తిరగకుండానే జవాబు చెప్పాను. "లాండ్రీ గది పై అరలో చూడమ్మా. పాత తువ్వాల్లో చుట్టి ఉంటుంది."

"సరే ఆంటీ."

అప్పుడు తిరిగి చూశాను. మంచు పేరుకున్న రెండు కుర్చీలు, నీళ్ళలో పడ్డవాళ్ళకు విసరడానికి గోడకు తగిలించిన ఎర్రటి రబ్బరు చక్రం, అంతే. నాకు భయం వేయలేదు. అది ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. ఎవరికో కావలసింది ఇచ్చి పంపినప్పుడు కలిగే తృప్తి కలిగింది. మా వారు కాఫీతో రాగానే, మౌనిక గొంతు విన్నానని చెప్పాను. "చలికి చెవులు గుయ్యిమంటున్నాయి, లోపలికి పద" అన్నారు. నూనె సీసా దాచిన చోటు మాత్రం అప్పుడు కూడా ఆయనకు చెప్పలేదు.

ఓడలో మేము ఇంటర్నెట్ తీసుకోలేదు. ఒడ్డుకు దిగి కాఫీ షాపులో కూర్చోగానే ఫోన్ ఆగకుండా మోగింది. అన్నీ స్రవంతి మెసేజులే. వెంటనే తనే ఫోన్ చేసింది. ముందురోజు సాయంత్రం పని నుంచి నలుగురు పిల్లలు ఒకే కారులో వస్తుంటే, గడ్డకట్టి గాజులా ఉన్న రోడ్డు మీద కారు జారిందట. మిగతా ముగ్గురికీ చిన్న దెబ్బలు. మౌనికకు తలకు తగిలింది. ఆపరేషన్ చేశారు. స్పృహ లేదు. "వాళ్ళమ్మకు ఎలా చెప్పాలో తెలియట్లేదు ఆంటీ, మీరొచ్చేయండి" అని ఏడ్చింది.

ఎప్పటి నుంచి స్పృహ లేదని అడిగాను. కారు జారినప్పటి నుంచీ లేదంది. గంటలు లెక్క కట్టి చూస్తే, నేను డెక్ మీద జవాబు చెప్పిన వేళకు మౌనిక ఆపరేషన్ బల్ల మీద ఉంది.

ఆ తర్వాత రేవులు మేము చూడలేదు. మా వారు అప్పటికప్పుడు సామాను దింపించి, విమానం టికెట్లు చూశారు. ఎన్నాళ్ళ కోరికో ఆయనకు. ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

మరుసటి రోజు ఓస్లో విమానాశ్రయంలో ఉండగా స్రవంతికి ఫోన్ చేశాను. మౌనిక బ్యాగు ఆస్పత్రివాళ్ళు ఇచ్చారంది. అందులో మా తాళంచెవి ఉంటుంది, వీలైతే పైకి వెళ్ళి ఒక్కసారి దీపం వెలిగించు తల్లీ, ఎప్పుడో కొండెక్కి ఉంటుంది, ఆ పిల్ల పేరు చెప్పి వెలిగించు అన్నాను.

కాసేపటికి వీడియో కాల్ వచ్చింది. స్రవంతి మొహం తెల్లబోయి ఉంది.

"ఆంటీ, మీరు ఇంకెవరికైనా తాళం ఇచ్చారా?"

లేదన్నాను. తను ఫోన్ తిప్పి చూపించింది. దీపం వెలుగుతోంది. ప్రమిద నిండుగా నూనె ఉంది. పక్కన ఖాళీ సీసా. దాని పక్కన, మూత తీసిన కొత్త సీసా. దాని కింద నా పాత తువ్వాలు, నాలుగు మడతలు పెట్టి ఉంది.

మా వారు నా భుజం మీదుగా చూస్తున్నారు. "ఆ సీసా ఎక్కడిది?" అని అడిగారు. దాచిన చోటు అప్పుడు చెప్పాను.

"నాకు భయంగా ఉంది ఆంటీ. ఆర్పేయమంటారా?" అంది స్రవంతి. వద్దన్నాను. మర్నాటి నుంచి ఆ పిల్లే రోజూ వెళ్ళి దీపం పెట్టింది. భయపడుతూనే పెట్టింది. తనకూ నా నమస్కారం.

మా వారు ఊరికే నమ్మే మనిషి కాదు. విమానాశ్రయంలోనే, మా ఇంటి గుమ్మం దగ్గరి కెమెరాలో రికార్డయింది ఫోన్‌లో చూశారు. యాక్సిడెంట్ అయిన రోజు ఉదయం మౌనిక లోపలికి వెళ్ళి, బయటికి వచ్చి, తాళం వేసింది. ఆ తర్వాత స్రవంతి వచ్చేదాకా ఒక ఉడుత తప్ప ఎవరూ రాలేదు. యాక్సిడెంట్ రాత్రి నుంచి మంచు పడుతూనే ఉంది. మెట్ల మీద ఒక్క అడుగుజాడ లేదని, తన బూట్లు చీలమండలదాకా దిగబడ్డాయని స్రవంతి చెప్పింది. వెనక తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. బేస్‌మెంట్ నుంచి పైకి వచ్చే తలుపుకు మా వైపు నుంచే తాళం. ఆ ఉదయమే మౌనిక వెతికి సీసా తీసుకుని ఉండొచ్చు కదా అని ఆయన అన్నారు. ఉండొచ్చు. కానీ పొద్దున పోసిన నూనె మధ్యాహ్నానికి అయిపోయే ప్రమిద అది. మూడో రోజుకు నిండుగా ఎలా ఉంది?

మేము తిన్నగా ఆస్పత్రికే వెళ్ళాం. తలంతా కట్టు, నోట్లో గొట్టం. చేతులు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. వాళ్ళమ్మకు వీసా వచ్చేదాకా ఆ మంచం పక్కన నేను కూర్చున్నాను. కూర్చునే అవకాశం ఇచ్చినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. కొన్నాళ్ళకు కళ్ళు తెరిచింది. డాక్టర్లు అంత ఆశ పెట్టుకోలేదట.

వాళ్ళమ్మ లలిత ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది. ఆస్పత్రివాళ్ళు బిడ్డకు కాలూ చెయ్యీ ఆడించడం నేర్పుతుంటే పక్కనే నిలబడుతుంది. ఒకరోజు, "మీ ఇంట్ల దీపం పెడుతున్న అని ఫోన్ల చెప్పిందక్కా. షిప్పుల ఆంటీకి పొద్దే పొడవదంట అని ఒకటే నవ్వింది" అంది. డెక్ మీద జరిగింది ఆమెకు చెప్పలేదు. చెబితే, మరి నా బిడ్డ అప్పుడు ఏడికి పోయింది, మొత్తం తిరిగొచ్చిందా, అని అడుగుతుంది. దానికి నేనేం చెప్పను?

మౌనికనే అడగొచ్చు అంటారు మా వారు. ఆమెకు ఇంకా మాట రాలేదు. మనిషిని గుర్తుపడుతుంది. నన్ను చూస్తే నవ్వుతుంది. పెదవులు కదులుతాయి, మాట మాత్రం బయటికి రాదు. డాక్టర్లు రావచ్చంటున్నారు, ఎప్పుడో చెప్పడం లేదు. వచ్చాక అడగాలో వద్దో నాకు తెలియదు. ముందు రానీ.

ఇది చదివినవాళ్ళను ఒక్కటే అడుగుతున్నాను. నా అనుభవాన్ని నమ్మకపోయినా ఫరవాలేదు. రేపు దేవుడి ముందు నిలబడి మీ ఇంట్లోవాళ్ళ పేర్లన్నీ చెప్పుకున్నాక, చివర మౌనిక పేరు కూడా ఒక్కసారి చెప్పండి.