పెంచలయ్య కారుకి ఎఫ్.సి. ఆపిన రోజు

ఉద్యోగ విరమణకు రెండేళ్ళ ముందు, ఒక కార్తీక మాసంలో నన్ను కావలికి బదిలీ చేశారు. కాగితాల మీద నా హోదా మోటారు వాహనాల తనిఖీ అధికారి. జనం నోట మాత్రం బ్రేక్ ఇన్‌స్పెక్టర్. టాక్సీలూ లారీలూ రోడ్డు మీద తిరగడానికి పనికొస్తాయని ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, అంటే ఎఫ్.సి., అప్పట్లో మా సంతకం మీదే నడిచేది. ఇప్పుడా పని చాలావరకు యంత్రాలు చేస్తున్నాయి. సంతకం పెట్టిన రాత్రి నిద్రపట్టని జబ్బు వాటికి లేదు.

చేరిన వారంలోనే పెంచలయ్య వచ్చాడు. సముద్రపు ఒడ్డు పల్లెలో ఉంటూ సొంత కారు టాక్సీగా తిప్పుకునేవాడు. వెనక సీట్లో అతని భార్య సుబ్బమ్మ ఉంది. ఆ మధ్యాహ్నం ఆమెకి నెల్లూరు ఆస్పత్రిలో డయాలసిస్. ఎఫ్.సి. గడువు కూడా ఆ రోజుతోనే తీరిపోతోంది.

అతని ఫైలు చూస్తే ముచ్చటేసింది. ఆయిలు, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు అన్నీ ఇంటి దగ్గర తనే మార్చుకుని, ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చాడో రాసి, పక్కనే బిల్లు అంటించాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా రోజూ సాయంత్రం కారు అడుగు కూడా కడుగుతాడట. దసరా ఆయుధపూజకి ముందు అడుగంతా నల్లరంగు కొడతాడట. అంత శ్రద్ధ నేనెక్కడా చూడలేదు. అయినా మరీ నిగనిగలాడే బండి అంటే నాకు గుబులు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత మా వృత్తి కోసమే పుట్టిందేమో.

నడిపి చూస్తే బ్రేకు చక్కగా పట్టింది. బండి అడుగు చూడటానికి కట్టిన గోతిలోకి దిగి టార్చి వేశాను. వెనక చక్రాలకి బ్రేక్ ఆయిలు మోసే సన్నటి ఇనుప గొట్టం, రంగు కింద అక్కడక్కడ ఉబ్బి ఉంది. గోటితో గీకితే తుప్పు పెచ్చు ఊడి వచ్చింది.

పైకొచ్చి సంగతి చెప్పాను. పెంచలయ్య ముఖం మాడిపోయింది.

"నేను చేయకుండా వదిలేసిన పని ఒక్కటి చూపించండి సార్. ఈ పొద్దు నన్ను ఆపితే ఈమె గతేంది?"

న్యాయమైన ప్రశ్నే. నా దగ్గరున్నది అనుమానం, ఎదురుగా ఉన్నది రోగి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నిజం చెప్పాలంటే నాకు భయమేసింది.

సుబ్బమ్మని దించాం. ఇంజను నడుస్తుండగా, ఎదురుగా లారీ ఆగిపోతే ఎలా తొక్కుతావో అలా తొక్కమన్నాను. తొక్కాడు, ఏమీ కాలేదు. చూశారా అన్నట్టు నావైపు చూశాడు. మళ్ళీ తొక్కమన్నాను. ఈసారి పెడల్ మెత్తబడి నేలదాకా దిగిపోయింది. అడుగున గోతిలోకి ఆయిలు కారింది.

రోజూ కడిగే గొట్టానికి ఇంత తుప్పు ఎలా పట్టిందని, ఏ నీళ్ళతో కడుగుతావని అడిగాను. ఇంటి బోరు నీళ్ళే అన్నాడు. మిగతాది సుబ్బమ్మ చెప్పింది.

"చుట్టూ రొయ్యల గుంటలు సారూ. బోరు నీళ్ళు ఉప్పెక్కి నోట్లో పోసుకోలేమనే కదా క్యాన్ నీళ్ళు కొంటుండేది. కారుకి మాత్రం రోజూ ఆ బోరు నీళ్ళే పోసినాడు."

గంట ముందే ఎఫ్.సి. తీసుకుని నెల్లూరు బయల్దేరుతున్న టాక్సీ ఒకటి ఉంటే, ఆపి ఇద్దరినీ అందులో పంపాను. భార్యని ఎక్కించి, తను ఎక్కబోతూ పెంచలయ్య ఆగాడు.

"అన్నా, నీ బండి ఏ నీళ్ళతో కడుగుతావు?" అని ఆ డ్రైవరుని అడిగాడు.

టౌన్లో కొళాయి నీళ్ళన్నాడు అతను. అప్పటికిగాని నా గుండె కుదుటపడలేదు. ఆ బండికి సంతకం పెట్టింది నేనే, ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

చేసిన పనేంటో రికార్డు చెబుతుంది. ఆ పని బండికి ఏం చేసిందో చెప్పదు. రిటైరయ్యేదాకా ఫైలు తెరవకముందే నీళ్ళ సంగతి అడిగేవాణ్ణి. నవ్వినవాళ్ళున్నారు, నవ్వనిచ్చాను.