సెనెగల్ వాళ్లింట్లో ఒకే పళ్లెం

ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో చదువుకునే రోజుల్లో, సెనెగల్ నుంచి వచ్చిన నా స్నేహితుడు మూసా నన్ను ఇంటికి భోజనానికి పిలిచాడు. ఫ్రెంచివాళ్ల పాలన, వేరుశనగ ఎగుమతులు, 1960లో స్వాతంత్ర్యం... లైబ్రరీలో ఆ దేశం గురించి చదివిందంతా వాళ్లమ్మకు గర్వంగా అప్పజెప్పాను.

ఆమె చేప, అన్నం ఉన్న పెద్ద పళ్లెం ఒకటి మధ్యలో పెట్టింది. అందరూ అందులోనే చేతులు పెట్టి తింటున్నారు. ఎంగిలి కదా అని నా చెయ్యి ఆగింది. తినకపోతే ఆమె నొచ్చుకుంటుందని భయం.

"ఇది నీ పుస్తకాల్లో లేదా బాబూ?" అందామె నవ్వుతూ.

"లేదాంటీ."

"నీ ముందున్న భాగం నీదే. అక్కడే తిను."

మంచి చేపముక్క విరిచి నా ముందు పెట్టింది. కళ్లు మూసుకుని మొదటి ముద్ద తిన్నాను. తరువాతివాటికి లెక్కలేదు.

"అమ్మా, పండితుడి వైపు పళ్లెం అడుగు కనిపిస్తోంది!" అని మూసా అరిచాడు.

ఆమె తన ముందున్న అన్నం నా వైపు తోసింది. అదీ తిన్నాను.