అక్కకి చదివి వినిపించిన పోట్లాట

ఐర్లండ్‌లో ఉండే తెలుగువాళ్ళకి ఒక ఫోరమ్ ఉంది. అద్దె ఇళ్ళ గురించి, వీసాల గురించి, పచ్చి గోంగూర ఏ కొట్లో దొరుకుతుందో అడిగి తెలుసుకోవడానికి ఎవరో పుణ్యాత్ములు పెట్టింది. లాక్‌డౌన్లు మొదలయ్యాక అందులో మగవాళ్ళకి ఒకటే పని మిగిలింది, కరెంటు గురించి కొట్టుకోవడం. ఎవరు ఏం అడిగినా నాలుగో జవాబుకల్లా అది బ్యాటరీ దగ్గరో బాయిలర్ దగ్గరో తేలేది. ఒకావిడ పాప పాస్‌పోర్టు రెన్యువల్ గురించి అడిగితే, ఇక్కడి ఎండకి సోలార్ ప్యానెళ్ళు గిట్టుబాటవుతాయా లేదా అని రెండు రోజులు వాదించుకున్నారు. పాపం ఆవిడ మళ్ళీ ఒకసారి అడిగి, ఎవరూ పట్టించుకోకపోతే మానేసింది.

ఆ వాదనలకి పెద్దలు ముగ్గురు. ఎవరి అసలు పేరూ ఎవరికీ తెలియదు. డబ్లిన్ చెర్రీవుడ్‌లో కొత్త ఫ్లాటులో ఉండే ఆయనకి హీట్ పంపు అంటే ప్రాణం. బయటి చల్లగాలిలోంచే వేడి లాగి ఇంట్లోకి పంపే యంత్రం అది. దాని గుణగణాలు ఆయన రాయడం మొదలుపెడితే మన వేలు నొప్పి పుట్టేదాకా కిందికి జరుపుతూనే ఉండాలి. రెండో ఆయన డబ్లిన్‌లోనే ఎక్కడో ఉంటాడు. ఎలక్ట్రిక్ కారు కొన్నాడు, కొన్న కొద్దిరోజులకే ఇంటినుంచి ఐదు కిలోమీటర్లు దాటి పోకూడదని రూలు వచ్చింది. తర్వాత అది సడలి కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, దాటకూడదన్న రూలయింది. మూడో ఆయనది లెటర్‌కెన్నీ. పాత ఇల్లు, దాన్ని వెచ్చబెట్టే కిరోసిన్ బాయిలర్, కొత్తది ఏం కనబడినా వెక్కిరింత. పంపాయన, కారాయన, కిరోసినాయన అని నేనే మనసులో పేర్లు పెట్టుకున్నాను. అంతకుమించి వాళ్ళతో నాకు పని లేదు. నేను నర్సుని, డబ్లిన్‌లోనే బోమాంట్‌లో ఉంటాను, డ్యూటీ దిగి ఇంటికొచ్చాక కాళ్ళు చాపుకుంటే చాలనిపించే రోజులవి.

పని ఎప్పుడు పడిందంటే, ఇండియాలో రెండో వేవ్‌లో మా అక్కకి కోవిడ్ వచ్చినప్పుడు. అక్కది ఒంగోలు దగ్గర ఒక చిన్న టౌను. అక్కడ జెరాక్స్ షాపు నడుపుతుంది. హాస్పిటళ్ళలో బెడ్డు దొరకలేదు. చర్చి పాస్టరుగారు ఎవరెవరినో బతిమాలి ఒక ఆక్సిజన్ కాన్సంట్రేటర్ సంపాదించి పెట్టారు. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ముక్కు గొట్టాల్లోకి పంపే మిషను. అది నడుస్తుంటే అక్క ఒంట్లో ఆక్సిజన్ తొంభై ఒకటి దగ్గర ఉండేది, ఆపితే ఎనభైల్లోకి జారిపోయేది. ఆ అంకెల సంగతి నాకు బాగా తెలుసు. నాకు తెలియనిదల్లా కరెంటు. ఎండాకాలం, చెప్పాపెట్టకుండా పోయేది. ఇంట్లో పాత ఇన్వర్టరు, ఒక్క బ్యాటరీ. కరెంటు పోతే మిషను ఎంతసేపు నడుస్తుందో బావ చెప్పలేడు, నేనూ చెప్పలేను.

కాబట్టి వెళ్ళి వెళ్ళి ఆ ఫోరమ్‌లోనే అడిగాను. ఐదు లీటర్ల మిషను, ఒక్క బ్యాటరీ, ఎంతసేపు? జవాబుగా ఒక్క అంకె చాలు.

ఇన్వర్టరు ఇచ్చే కరెంటు ఏ రకం, సైన్ వేవా స్క్వేర్ వేవా అని కారాయన అడిగాడు. అది తెలియకుండా ప్రశ్న అడగడమే తప్పని పంపాయన అన్నాడు. డీజిల్ జనరేటర్ కొనుక్కుంటే ఈ వేవుల గొడవే ఉండదని కిరోసినాయన. జనరేటర్ పొగ రోగి గదిలోకి పోతుంది కదా అని పంపాయన. దానికి పంపాయన ఇంట్లో ఉన్నది హీటరా ఫ్రిజ్జా అని కిరోసినాయన. ఎవరో కొత్తాయన మధ్యలో వచ్చి "గ్రాండ్ అక్కా, ఏం కాదు" అని రాసి పోయాడు. ఈ దేశంలో ఊపిరందని పేషెంటు కూడా ఎలా ఉన్నావంటే గ్రాండ్, అంటే బ్రహ్మాండం, అంటాడు, ఆ మాట వింటేనే నాకు భయం. తన కారు బ్యాటరీ పెడితే ఆ మిషను వారం రోజులు నడుస్తుందని కారాయన లెక్క కట్టి చూపించాడు. కింద కిరోసినాయన ఇలా రాశాడు:

"మరి తీస్కపో అన్నా. కౌంటీ దాటొద్దన్నరు గదా, ఒంగోలు డబ్లిన్ కౌంటీలకే వస్తదేమో చూస్కో."

నాకు ఒళ్ళు మండిపోయింది. తల్లీపిల్లా లేని మనుషులా వీళ్ళు అనుకున్నాను. కారాయన ఆ లెక్క నడుమ ఎక్కడో, ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆపేసి మిషనొక్కటే నడిపితే గంటో గంటంపావో రావచ్చు, ఫ్యాన్ తిరిగితే అంత రాదు అని రాశాడు కానీ, అప్పుడు నా కోపంలో అది కళ్ళకి ఆనలేదు.

అక్కకి పొద్దున్నే వీడియో కాల్ చేసేదాన్ని. మా ఇంట్లో వెచ్చగా ఉండే చోటు మేడ మీద హాట్ ప్రెస్ ఒక్కటే, వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమర. దాని తలుపుకి వీపు ఆనించి కూర్చుని మాట్లాడేదాన్ని. మీ ఫోరమ్ వాళ్ళు ఏమన్నారని అక్క అడిగింది. పనికిమాలిన మాటలు, వదిలెయ్యమన్నాను. చదవమంది. విసుక్కుంటూనే చదివాను. ఒంగోలు మాట దగ్గరికి వచ్చేసరికి అక్క నవ్వింది, నవ్వి దగ్గింది, బావ నన్ను కసిరాడు. దగ్గు తగ్గాక అక్క, "ఆ కిరోసినాయన మనోడే" అంది.

అక్క సంగతి తెలిసిన వాళ్ళకి ఇది వింత కాదు. రోజూ ఎవరో ఒకరితో తగువు పెట్టుకోనిదే ఆమెకి షాపు మూయబుద్ధి కాదు. కరెంటాఫీసు వాళ్ళు ఆమె గొంతు వింటే ఫోను పక్కన పెట్టేవాళ్ళట. ఇప్పుడు మంచం మీద పడ్డాక తగువుకి మనిషి లేడు. ఆ రోజు నుంచి ఫోనెత్తగానే, జ్వరమెంత మందులేమిటి అన్న నా ప్రశ్నలు పక్కకి నెట్టి, "ఏమన్నారే ఇవాళ?" అనేది. ఎవరి రాతలు చూస్తే నాకు కంపరమో వాళ్ళవే అక్షరం వదలకుండా చదివి వినిపించాల్సి వచ్చింది. నేను మధ్యలో కొంత ఎగరగొడితే పట్టేసుకునేది.

మూడు నాలుగు రోజులకి ఒక మధ్యాహ్నం అక్కడ కరెంటు పోయింది. ఫోనులో నేనున్నాను. ఉక్కపోతగా ఉందని బావ ఫ్యాను తిరగనిచ్చాడు. అరగంట కూడా కాకుండానే బ్యాటరీ చేతులెత్తేసింది. మిషను కూత పెట్టడం మొదలుపెట్టింది. బోర్లా తిప్పి పడుకోబెట్టు అని నేను ఇక్కడినుంచి అరుస్తున్నాను, బావకి చేతులు ఆడటం లేదు, అక్క పెదవులు రంగు మారుతున్నాయి. నా ఉద్యోగమే అది, నేను రోజూ చేసే పని, ఆ మంచం దగ్గర నిలబడే వీలు మాత్రం లేదు. కరెంటు వచ్చింది కాబట్టి సరిపోయింది.

అక్క కుదుటపడ్డాక ఫోరమ్ తెరిచి చూస్తే నా ప్రశ్న కిందే ముగ్గురూ ఇంకా సైన్ వేవు దగ్గరే ఉన్నారు. వచ్చిన కోపమంతా రాసేశాను. ఇక్కడ ఒక మనిషి ఊపిరి పోతోంది, మీకు ఆటగా ఉంది, మీ ఇళ్ళలో ఇలాగే నవ్వుతారా అని రాశాను. మోడరేటరు వచ్చి జోకులన్నీ తీసేశాడు. ముగ్గురూ క్షమాపణ చెప్పారు. ఆ తర్వాత వరసగా దండాల బొమ్మలు, ప్రార్థిస్తున్నాం అక్కా, ధైర్యంగా ఉండండి. నాకు తృప్తిగానే అనిపించింది, కనీసం మనుషుల్లా ప్రవర్తిస్తున్నారని.

మర్నాడు అక్క మామూలుగానే అడిగింది. అందరూ నీకోసం ప్రార్థన చేస్తున్నారని చెప్పాను.

"కిరోసినాయన కూడానా?"

ఆయన కూడా దండం పెట్టాడన్నాను. అక్క గోడవైపు తిరిగి, "అయితే నా పని అయిపోయిందనుకున్నారన్నమాట" అంది.

నేను ఎంత చెప్పినా ఆ మాట మీదనుంచి కదల్లేదు. మధ్యాహ్నం గంజి వద్దందట, సాయంత్రం ఫోను కూడా ఎత్తలేదు. మొదటిసారి నాకు నిజంగా భయం వేసింది. పేషెంట్లు అలా గోడవైపు తిరగడం నేను చూశాను. ఆ తర్వాత ఏమవుతుందో కూడా చూశాను.

సరే, ఫోరమ్‌లోకి వెళ్ళి, అయ్యా మీరు మామూలుగానే కొట్టుకోండి, మా అక్కకి అదే ఇష్టం అని రాశాను. ఇంతకంటే విడ్డూరమైన విన్నపం ఎవరైనా చేసి ఉంటారా? ఒక్కరూ కదల్లేదు. మీ బాధ అర్థమవుతోంది అక్కా అన్నాడు కారాయన. మీరు ముందు విశ్రాంతి తీసుకోండి అన్నాడు పంపాయన. కిరోసినాయన మళ్ళీ దండం పెట్టాడు. అక్కర్లేనప్పుడు ఆపమంటే ఆగని నోళ్ళు, కావాలన్నప్పుడు కుట్టేసినట్టు మూతపడ్డాయి. ఫోను గోడకేసి కొట్టాలనిపించింది.

అప్పుడు తట్టింది. వీళ్ళు బతిమాలితే మాట్లాడే జాతి కాదు. ఎదుటివాడు తప్పు మాట్లాడితే మాత్రం ఊరుకోలేరు. వెంటనే కొత్తగా ఒక ప్రశ్న పెట్టాను. హీట్ పంపు అంటే ఏమీ లేదు, తలుపు తీసి పెట్టిన ఫ్రిజ్జేనట కదా, ఎలక్ట్రిక్ కారుకంటే కిరోసిన్ బాయిలరే శుభ్రమట కదా, మా పక్కింటి ఐరిష్ ఆయన చెప్పాడు, నిజమేనా? పక్కింటాయన అలాంటి మాట ఎప్పుడూ అనలేదు. ఆయన వానల గురించి తప్ప మాట్లాడడు.

టీ కాచుకుని వచ్చేసరికి పంపాయన లొంగిపోయాడు. "ఈ సమయంలో చెప్పకూడదు అక్కా, కానీ" అని మొదలుపెట్టి పేజీలకి పేజీలు రాశాడు. ఐరిష్ వాళ్ళకైనా అసలు సంగతి తెలిసిందని కిరోసినాయన సంబరపడ్డాడు. కారాయన ఇద్దర్నీ తగులుకున్నాడు. చీకటి పడేలోపల ముగ్గురూ మళ్ళీ మునుపటిలా తయారయ్యారు.

మర్నాడు అక్కకి ఫోను చేసి, నోరెత్తకుండా వినమని చెప్పి, చదవడం మొదలుపెట్టాను. అక్క మొహం ఇటు తిప్పింది. పంపాయన వ్యాసం సగంలో ఉండగా అక్కడ కరెంటు పోయింది. ఈసారి బావ పరిగెత్తుకెళ్ళి ఫ్యాను, లైట్లు అన్నీ ఆపేశాడు. కారాయన రాసిన ఆ ఒక్క ముక్క మొదటిసారి కరెంటు పోయిన తర్వాత వెతికి పట్టుకుని బావకి నేనే చెప్పి పెట్టాను. తలుపు సందులోంచి వచ్చే వెలుతుర్లో అక్క నుదుటి మీద చెమట కనిపిస్తోంది. బావ విసనకర్రతో విసురుతున్నాడు. మాట్లాడకు, ఫోను పెట్టేస్తాను అని అక్కతో అన్నాను.

"మాట్లాడేది నువ్వు కదే," అంది అక్క. "చదువు."

చదివాను. ఎప్పుడూ దాటేసే వాక్యాలన్నీ ఒక్కొక్కటీ నిదానంగా చదివాను. పంపాయన ఇంకా పొడుగ్గా రాసి ఉంటే బాగుండేదని జీవితంలో మొదటిసారి అనిపించింది. కారాయనది చదివాను, కిరోసినాయనది చదివాను. అయిపోయాయి. కరెంటు రాలేదు. బావ ఇన్వర్టరు మీద, బ్యాటరీ అయిపోవస్తోందని చెప్పే ఎర్రలైటు వైపే చూస్తున్నాడు, నాకు ఆ లైటు కనిపించడం లేదు. ఆపితే నా భయం అక్కకి తెలిసిపోతుంది. అందుకని ఆపకుండా, కల్పించి చెప్పడం మొదలుపెట్టాను. పంపాయన ఇలా అన్నాడు, దానికి కారాయన అలా అన్నాడు, అప్పుడు కిరోసినాయన వచ్చి, మీరు చెప్పేది కూడా కొంత నిజమే అన్నా, ఒకసారి ఆలోచించాలి అన్నాడు.

"ఇది ఆయన మాట కాదు," అంది అక్క కళ్ళు మూసుకునే. "నువ్వు చెప్తున్నావు."

కాదన్నాను.

"ఆయన అంత మర్యాదగా మాట్లాడడే. సరిగ్గా తిట్టు."

తిట్టాను. పంపాయన్ని, కారాయన్ని, వాళ్ళ యంత్రాల్ని, లెక్కల్ని, కిరోసినాయన తెలంగాణ యాసలో నాకొచ్చినంత తిట్టాను. ఏడుపు వస్తోంది, తిడుతూనే ఉన్నాను. ఎంతసేపు తిట్టానో తెలియదు. ఉన్నట్టుండి బావ "వచ్చింది" అన్నాడు, గదిలో ఫ్యాను కదిలిన చప్పుడు వినిపించింది. వేలికున్న మీటరు చూసి తొంభై అని చెప్పాడు. నా వల్ల కాక హాట్ ప్రెస్ తలుపు మీద తల వాల్చేశాను.

"నువ్వు అల్లినవి వాళ్ళకి రాసి పంపు," అంది అక్క. "ఏమంటారో రేపు చెప్పు."

పంపాను. మేం ఎప్పుడూ అలా అనలేదని ముగ్గురూ నామీద విరుచుకుపడ్డారు. పంపాయన నా లెక్కల్లో తప్పులు దిద్దాడు, కారాయన వాటిని మళ్ళీ దిద్దాడు, తన తిట్లన్నీ ఆంధ్రా యాసలో ఉన్నాయని, ఇది తనకి అవమానమని కిరోసినాయన మోడరేటరుకి ఫిర్యాదు చేశాడు. ఆ ముగ్గురూ ఒక మాట మీద నిలబడటం నేను చూసింది ఆ ఒక్కసారే. మర్నాడు పొద్దున్నే అదంతా అక్కకి చదివి వినిపించాను.