ఎర్ర కారులో నేను దాచిన చప్పుడు

మా చిన్నప్పుడు... ఎక్కాల కంటే ముందు నాకు పానాల నంబర్లే నోటికొచ్చాయి. ఆదోనిలో మా నాయనది మెకానిక్ షెడ్డు. బడి వదలగానే సంచి మేకుకు తగిలించి, కిరసనాయిల్లో బోల్టులు కడిగేదాన్ని.

ఒక ఏడు పత్తి సేటు ఒకాయన, బాగు చేసుకుంటే నీదేనని తన పాత రేసు కారును నాయనకు ఇచ్చేశాడు. ఎర్రది... రెండే సీట్లు, పైన కప్పు లేదు. ఏళ్ల తరబడి జిన్నింగు మిల్లులో పడుంది. సీటు కింద ఎలుకలు పత్తి పరుచుకుని కాపురం పెట్టాయి.

నాయనకు అప్పటికే చెవులు వినపడవు. పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి నా చెవి దగ్గర పెట్టేవాడు. నాకు వినపడిన చప్పుడును ఆయన అరచేతి మీద వేలితో కొట్టి చూపించేదాన్ని. దాన్ని బట్టి రోగమేందో కనిపెట్టేవాడు. "నా చెవులు మా పాప దగ్గరున్నాయి" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు... నాకెంత గర్వమో!

ఆ కారు ఇంజను రెండుసార్లు విప్పి బిగించాం. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న జాతరకు అందులోనే పోదామన్నాడు. నేను ఊరుకుంటానా... బడంతా చాటాను.

బయల్దేరే ముందు రోజు చెవి పెట్టి విన్నాను. లోపల సన్నగా... టక్... టక్. అది చెప్తే మళ్లీ మొత్తం విప్పాలి. జాతర కాస్తా అయిపోతుంది.

నాయన అరచెయ్యి చాపాడు. నేను కొట్టలేదు. ఏ చప్పుడూ లేదని తల అడ్డంగా ఊపాను.

ఉరుకుంద దోవలో ఇంజను పగిలిపోయింది. నూనంతా రోడ్డు పాలైంది. ఇక అది బాగయ్యేది కాదు. జాతర బస్సుల్లోంచి జనం తొంగి చూస్తూ పోయారు. వెక్కి వెక్కి ఏడుస్తుంటే నాయన నా తల నిమిరాడు.

"నువ్వెందుకు ఏడుస్తావు పాపా... నీ సెవి తప్పు సెప్పదు. నా బిగింపులోనే యాడో తప్పుండాది."

ఆ తర్వాత ఆయన ఇంకో ఇంజను విప్పలేదు. ఎవరైనా బండి తెస్తే, "నా చేతి మీద నాకే నమ్మకం లేదప్పా" అని పంపించేసేవాడు. చివరిదాకా పంచర్లే వేశాడు.

మంచం పట్టినప్పుడు చెప్పేద్దామని ఆయన చెయ్యి పట్టుకున్నాను. అరచెయ్యి తెరిచాడు... నా వేలు కదల్లేదు. మూడో రోజు పోయాడు.

ఇప్పుడు కారుకు కంప్యూటరు తగిలిస్తే రోగమేందో అదే చెప్తోంది. పాపలను నమ్ముకోవాల్సిన పని లేదు...

మీ నాయనకు చెప్పకుండా దాచింది మీ దగ్గరా ఏదైనా ఉందా? ఆయన ఇంకా బతికుంటే, ఇక్కడ కామెంట్లలో రాయొద్దు... ముందు ఆయనకే చెప్పండి.