మొదటి పేజీలో సవరణ

కెనడాలోని ఓక్‌విల్‌లో మా ఆఫీసు పక్క దుకాణంలో మొన్న ఎవరో బార్లీ టీ కాస్తున్నారు. ఆ వేపుడు వాసన తగలగానే మొరిత గారు గుర్తొచ్చి, కొనడానికి వచ్చిందేమిటో మరిచి అక్కడే నిలబడిపోయాను. కిచెనర్‌లో ఆయన నడిపిన చిన్న వారపత్రిక ఆఫీసు ఎప్పుడూ ఆ వాసనే వేసేది. జపాన్ నుంచి వచ్చి, పత్రిక పెట్టి, తల నెరిశాక రాజకీయాల్లోకి దిగిన మనిషి. మన పిల్లలు చదువుల కోసం ఆ ఊరికి పోటెత్తిన రోజుల్లో నేనూ వచ్చి, ఆయన దగ్గర పార్ట్‌టైమ్‌గా పేజీలు దిద్దేదాన్ని.

అప్పట్లో ఇళ్ల ఓనర్లు అద్దె బేస్‌మెంట్లలో మమ్మల్ని జాడీలో ఆవకాయ ముక్కల్లా కుక్కేవారు. నిప్పంటుకుంటే బయటపడటానికి రెండో దారి ఉండేది కాదు. దాని మీద రాసి రాసి విసిగి, మొరిత గారు సిటీ కౌన్సిల్‌కి పోటీ చేశారు. ఓటు లేని మా కోసం ఓట్లడగడానికి బయల్దేరిన వెర్రి మనిషి! మా రూమ్మేట్ శిరీష అయితే, "ఈ సారు గెలిస్తెనే మనకు ఇంకో దారి వస్తదే" అని రోజూ దేవుడికి దండం పెట్టేది.

సరిగ్గా పోలింగ్ వారమే కొంప మునిగింది. అలాంటి బేస్‌మెంట్ ఒకటి తన ప్రత్యర్థి, అప్పటి కౌన్సిలర్ అయిన ఆవిడదని అంతకుముందు సంచిక మొదటి పేజీలో ఆయనే రాశారు. ఆ ఇల్లు ఆవిడ ఎప్పుడో అమ్మేసిందని తరవాత తేలింది. తప్పు ఎక్కడ పడితే సవరణ అక్కడే, అంతే పెద్ద అక్షరాల్లో వేయాలన్నది ఆయన పెట్టిన పద్ధతి.

"సార్, ఈ ఒక్కసారికి ఎలక్షన్ అయ్యాక వేద్దాం. మీరు ఓడిపోతే మా గతేంటి?" అని బతిమాలాను.

ఆయన టీ కప్పు నా ముందుకు జరిపారు. "రేపు కౌన్సిల్‌లో బేస్‌మెంట్ల గురించి నేను చెప్పేది నలుగురూ నమ్మాలి కదా, లావణ్యా."

సవరణ పడింది. ఎవరి గురించి తప్పు రాస్తే వాళ్ల గడపకు వెళ్లడం కూడా ఆయన పద్ధతే. నల్లకోటు వేసుకుని, వానలో ఆ కౌన్సిలర్ ఇంటికెళ్లి, పత్రిక చేతికిచ్చి, గుమ్మంలో జపాన్ వాళ్లు క్షమాపణ అడిగే తీరున నడుం వంచి నిలబడ్డారు. ఏం చేయాలో తోచక ఆవిడా వంగింది. పక్కన గొడుగు పట్టుకున్న నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆయన ఓడిపోయారు. ఒళ్లు మండి చాలా రోజులు ఆయనతో ముభావంగా ఉన్నాను. అంతలో ఒక మధ్యాహ్నం ఆ కౌన్సిలరే ఆఫీసుకొచ్చి, "ఆ బేస్‌మెంట్లు నాకు చూపిస్తారా?" అని అడిగింది. మొరిత గారు ఆవిడను ముందు మా గదికే తీసుకొచ్చారు. ఆవిడ పూనుకోవడంతో వేసవికల్లా మాకు రెండో దారి పడింది. తర్వాతి ఎన్నికల్లో ఆవిడ పోటీ నుంచి తప్పుకుని, ఆయన కోసం ఇల్లిల్లూ తిరిగింది. గెలిచాక కూడా మొరిత గారు సమావేశంలో ముందుగా లేచేది, పోయినసారి తను తప్పుగా చెప్పిందేమైనా ఉంటే సరిదిద్దుకోవడానికే.

ఇప్పుడాయన లేరు. ఆయన్ని తలుచుకోని వారం లేదు నాకు. మా అబ్బాయిని అన్యాయంగా కోప్పడిన రోజున వాడి గది గుమ్మంలో నడుం వంచి నిలబడతాను. "అమ్మా, స్టాప్ ఇట్!" అని నవ్వుతూ, వాడూ వంగుతాడు.